స్వతంత్ర డాక్యుమెంటరీని అంతర్జాతీయంగా అమ్మడం: ఐదు దారుల్లో ఏది ఎవరికి నప్పుతుంది?

తెలుగు సినిమాల ఓవర్సీస్ వ్యాపారం గురించి మన దగ్గర చాలామందికి ఎంతో కొంత తెలుసు. అమెరికాలో ఎన్ని స్క్రీన్లలో వేశారు, ప్రీమియర్లకు ఎంత వచ్చింది, హక్కులు అవుట్‌రేట్‌కు (ఒకేసారి మొత్తం ధరకు) ఇచ్చారా, అడ్వాన్సు మీద ఇచ్చారా అన్న చర్చ టీ కొట్టు దగ్గర కూడా నడుస్తుంది. అయితే సొంత డబ్బుతోనో, చిన్న గ్రాంటుతోనో నల్గొండ ఫ్లోరైడ్ మీదో, శ్రీకాళహస్తి కలంకారీ మీదో, నల్లమల చెంచుల మీదో గంట నిడివి డాక్యుమెంటరీ తీసినవారికి ఆ లెక్కలేవీ అక్కరకు రావు. డాక్యుమెంటరీ కొనే విదేశీ సంస్థ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారిని మనసులో పెట్టుకుని కొనదు. జర్మనీలో రాత్రిపూట టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడికీ, అమెరికా యూనివర్సిటీలో మానవశాస్త్రం చదివే విద్యార్థికీ ఆ విషయం పట్టుకుంటుందా లేదా అన్నదే దానికి కావలసింది. అందువల్ల కొనేవారు వేరు, వారిని చేరే దారులు వేరు, ఒప్పందాల తీరు కూడా వేరు.

ఈ వ్యాసం డాక్యుమెంటరీలు, చిన్న సిరీస్‌లు, పిల్లల కార్యక్రమాల వంటి స్వతంత్ర వీడియో కార్యక్రమాలకే పరిమితం. వీటిని విదేశాలకు చేర్చడానికి ప్రధానంగా ఐదు దారులున్నాయి: సేల్స్ ఏజెంటు లేదా అంతర్జాతీయ డిస్ట్రిబ్యూటర్, టీవీ ఛానెళ్లతో నేరు ఒప్పందం, విద్యాసంస్థలకు అమ్మే ఎడ్యుకేషనల్ డిస్ట్రిబ్యూటర్, స్ట్రీమింగ్ వేదికలకు చేరవేసే అగ్రిగేటర్, చివరగా సొంతంగా ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం. ఎవరు ఎక్కువ ఇస్తారన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారు సాధారణంగా మొదట వచ్చిన ఒప్పందం మీదే సంతకం చేసేస్తారు. సంతకం తర్వాత మన చేతిలో ఏయే హక్కులు మిగులుతాయన్న ప్రశ్నతో మొదలుపెడితే ఈ ఐదింటి మధ్య తేడా చాలా స్పష్టంగా కనబడుతుంది.

ముందుగా చూసుకోవలసిన కొలమానాలు

అన్నింటికంటే ముఖ్యమైనది హక్కుల పరిధి. అంతర్జాతీయ అమ్మకంలో సినిమా మొత్తంగా చేతులు మారదు. ఫలానా దేశంలో, ఫలానా మాధ్యమంలో, ఫలానా భాషలో, ఇన్నేళ్లపాటు చూపించుకునే లైసెన్సు మాత్రమే చేతులు మారుతుంది. ఫ్రెంచ్, జర్మన్ టీవీ హక్కులు ఒకరికి, ఉత్తర అమెరికా విద్యాసంస్థల హక్కులు మరొకరికి, విమానాల్లో చూపించే హక్కులు ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఈ ముక్కలన్నీ కలిపి ఒకే సంస్థకు ఇచ్చినా ఇవ్వవచ్చు గానీ ఆ సంస్థ నిజంగా అన్ని రంగాల్లోనూ అమ్మగలదా అన్నది తేల్చుకున్నాకే ఇవ్వాలి.

రెండోది డబ్బు ఎంత, ఎప్పుడు అన్నది. ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) అంటే సంతకం సమయంలోనో డెలివరీ సమయంలోనో వచ్చే ఖాయమైన సొమ్ము. కమీషన్ పద్ధతిలో అమ్మకం జరిగాకే, అదీ ఖర్చులు మినహాయించాకే వస్తుంది. మూడోది డెలివరీ ఖర్చు. దీన్ని కొత్తవారు దాదాపు ఎప్పుడూ తక్కువగా అంచనా వేస్తారు. నాలుగోది ఒప్పంద కాలం, దానిలోంచి బయటపడే వీలు. ఐదోది లెక్కలు: ఎన్నాళ్లకోసారి స్టేట్‌మెంట్ పంపుతారు, పుస్తకాలు తనిఖీ చేసే హక్కు మనకు ఉందా అన్నవి. స్టేట్‌మెంట్ రాని ఒప్పందంలో 70 శాతం వాటా ఉన్నా ఒకటే, 30 శాతం ఉన్నా ఒకటే.

| దారి | ముందుగా వచ్చే డబ్బు | పంపకం తీరు | అడిగే హక్కులు | డెలివరీ భారం |
|---|---|---|---|---|
| సేల్స్ ఏజెంటు | అరుదుగా ఎంజీ. ఎక్కువగా ఏమీ ఉండదు | ఏజెంటుకు సాధారణంగా 25–35 శాతం కమీషన్, ఆపైన ఖర్చులు | ప్రపంచమంతా, అన్ని మాధ్యమాలు, ఎక్స్‌క్లూజివ్ (మరెవరికీ ఇవ్వకూడదు) | చాలా ఎక్కువ |
| ఛానెల్‌తో నేరుగా | లైసెన్సు ఫీజు, విడతలుగా | మొత్తం మీకే | ఆ దేశం లేదా భాష, పరిమిత కాలం | చాలా ఎక్కువ |
| ఎడ్యుకేషనల్ డిస్ట్రిబ్యూటర్ | సాధారణంగా ఉండదు | వసూళ్ల మీద రాయల్టీ | ఎక్కువగా ఉత్తర అమెరికా, విద్యాసంస్థలు | మధ్యస్థం |
| అగ్రిగేటర్ | ఉండదు. కొందరు మీనుంచే ఫీజు తీసుకుంటారు | వేదిక ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం మీకు | చాలావరకు నాన్-ఎక్స్‌క్లూజివ్ | మధ్యస్థం |
| సొంతంగా ఆన్‌లైన్ | ఉండదు | వీమియో ఆన్ డిమాండ్‌లో 90 శాతం, యూట్యూబ్ ప్రకటనల్లో 55 శాతం మీకు | ఏమీ వదులుకోనక్కరలేదు | తక్కువ |

పై పట్టికను బట్టి చివరి దారే లాభదాయకంగా తోచవచ్చు. కానీ ఎవరూ కొనని సినిమా మీద 90 శాతం వాటా ఉన్నా చేతికి వచ్చేది సున్నాయే కాబట్టి ఒక్కో దారినీ విడిగా చూడక తప్పదు.

ఏ దారికైనా ముందు: హక్కుల పత్రాలు

విదేశీ సంస్థ అడిగే మొదటి కాగితం హక్కుల క్రమం, అంటే సినిమాలోని ప్రతి అంశం మీదా మీకు హక్కు ఎలా వచ్చిందో చూపే ఒప్పందాల వరుస. సంగీత దర్శకుడు స్నేహితుడే కావచ్చు, పాట రాసినవారు ఊరివారే కావచ్చు, అయినా కాగితం ఉండాలి. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్‌ను ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది 5 సంవత్సరాలుగానూ, ప్రాంతం రాయకపోతే అది భారతదేశానికే పరిమితమైనట్టుగానూ చట్టం భావిస్తుంది. అంటే సంగీత దర్శకుడితో తెల్లకాగితం మీద "ఈ సినిమాకు నా సంగీతం ఇస్తున్నాను" అని రాయించుకుని సంతకం తీసుకుంటే, ఆ సంగీతాన్ని జర్మనీలో వినిపించే హక్కు మీకు లేనట్టే. సినిమా తీసిన కొన్నేళ్లకు, మనుషులు దూరమయ్యాక ఈ లోపాన్ని సరిచేయాలంటే తలప్రాణం తోకకు వస్తుంది. కాబట్టి "ప్రపంచవ్యాప్తంగా, అన్ని మాధ్యమాల్లో, కాపీరైట్ ఉన్నంతకాలం" అన్న మాటలు మొదటి ఒప్పందంలోనే ఉండాలి.

ఇంతకంటే చిన్నగా కనబడే చిక్కు ఒకటుంది. చేనేత కార్మికుడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడుతున్నాడు. వెనక రేడియోలో పాత సినిమా పాట పది పదిహేను సెకన్లపాటు వినిపిస్తోంది. షాటు ఎంతో సహజంగా వచ్చిందని ఎడిటర్ ఉంచేశాడు. ఆ పదిహేను సెకన్లకు సాహిత్యం, బాణీ, రికార్డింగ్ అన్నీ ఇతరుల హక్కులే. అమెరికా ప్రసారాలకు తరచుగా అడిగే, హక్కుల ఉల్లంఘన వంటి దావాల నుంచి కాపాడే ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ బీమా కోసం దరఖాస్తు చేసినప్పుడు ఈ పాట సంగతి తప్పకుండా బయటికి వస్తుంది. మాటనూ పరిసర శబ్దాన్నీ వేర్వేరు ట్రాకుల్లో రికార్డు చేసి ఉంటే ఆ పాటను తగ్గించవచ్చు, మార్చవచ్చు. ఒకే మైకులో కలిసిపోయి ఉంటే షాటే తీసేయాలి.

సినిమాలో కనబడినవారి అంగీకార పత్రాలు, ఆర్కైవ్ ఫుటేజ్ లైసెన్సులు, సంగీత వివరాల క్యూ షీటు కూడా ఈ కట్టలో భాగమే. అంగీకార పత్రం తెలుగులోనే ఉండవచ్చు. మాట్లాడినవారికి అర్థమయ్యే భాషలో ఉండటమే మంచిది కూడా. దానికి ఆంగ్ల అనువాదం జతచేస్తే సరిపోతుంది.

సేల్స్ ఏజెంటు లేదా అంతర్జాతీయ డిస్ట్రిబ్యూటర్

ఏజెంటు చేసే అసలు పని పరిచయాలను అమ్మకాలుగా మార్చడం. అక్టోబరులో కాన్‌లో జరిగే మిప్‌కామ్, జూన్‌లో ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో జరిగే సన్నీ సైడ్ ఆఫ్ ది డాక్, నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగే ఇడ్ఫా వంటి టీవీ, డాక్యుమెంటరీ మార్కెట్లలో, ఉత్సవాల్లో ఏటా అవే ముఖాలు కలుసుకుంటాయి. అరవై ఏళ్లకు పైగా నడిచిన మిప్‌టీవీ 2024 ఏప్రిల్‌తో ఆగిపోయి, దాని స్థానంలో 2025 ఫిబ్రవరి నుంచి మిప్ లండన్ మొదలైంది. మార్కెట్లు ఇలా మారుతుంటే ఎవరు ఎక్కడ కొంటున్నారో తెలిసిన మనిషి విలువ ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి ఒక్క సినిమా పట్టుకుని వెళ్లే దర్శకుడికి విమాన చార్జీలు, బస, మార్కెట్ ప్రవేశ రుసుము కలిపితే చిన్న డాక్యుమెంటరీ బడ్జెట్‌లో పెద్ద భాగమే అవుతుంది. ఏజెంటు అదే ఖర్చును ఇరవై ముప్ఫై సినిమాల మీద పంచుకుంటాడు.

లోపం కూడా అక్కడే ఉంది. ఇరవై ముప్ఫై సినిమాల్లో మీది ఎన్నోదన్నది ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. మొదటి ఏడాది కేటలాగ్‌లో పోస్టరు వేసి, తర్వాత పట్టించుకోని ఏజెంట్లు ఈ రంగంలో కొల్లలు. ఏజెంట్ల వాడుక ఒప్పందాలు 5 నుంచి 10 ఏళ్ల దాకా, ప్రపంచమంతటికీ, అన్ని హక్కులూ అడుగుతాయి. మన తెలుగు వ్యాపార భాషలో చెప్పాలంటే ఇది ఎంజీ లేని కమీషన్ బేసిస్, పైగా హక్కులు మాత్రం అవుట్‌రేట్‌కు ఇచ్చినంత కాలం కట్టుబడి ఉంటాయి.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహాత్మక అమ్మకంతో చూద్దాం. ఒక ఛానెల్ 6,000 డాలర్లకు కొన్నదనీ, అక్కడి పన్ను 15 శాతం మినహాయించిందనీ, ఏజెంటు కమీషన్ మొత్తం ధర మీద 30 శాతమనీ, మార్కెటింగ్ ఖర్చులుగా 2,500 డాలర్లు చూపారనీ అనుకుందాం.

| వివరం | డాలర్లు |
|---|---|
| అమ్మకపు ధర | 6,000 |
| మూలంలో పన్ను, 15 శాతం | – 900 |
| కమీషన్, 30 శాతం | – 1,800 |
| మార్కెటింగ్ ఖర్చులు | – 2,500 |
| నిర్మాతకు చేరేది | 800 |

రెండో అమ్మకం కూడా ఇదే ధరకు జరిగితే, ఖర్చులకు గరిష్ఠ పరిమితి ఒప్పందంలో ఉండి అది ఇప్పటికే పూర్తయితే, మీకు 3,300 డాలర్లు వస్తాయి. పరిమితి లేకపోతే మళ్లీ కొత్త ఖర్చులు కనబడతాయి. అందుకే కమీషన్‌ను 30 నుంచి 25కు తగ్గించమని బేరమాడటం కంటే ఖర్చుల పరిమితిని అంకెలో రాయించుకోవడం మీదే పట్టుబట్టాలని నా అభిప్రాయం. ఆ పరిమితి దాటాలంటే మీ రాతపూర్వక అనుమతి ఉండాలి. సంస్థ కార్యాలయ అద్దె, జీతాల వంటివి ఖర్చుల కింద రాకూడదు. మీ సినిమా ఖర్చులను మరో సినిమా రాబడితోనో, మీ రాబడిని మరో సినిమా నష్టంతోనో సర్దుబాటు చేసే నిబంధన ఉంటే తీసేయించాలి.

ఒప్పందంలో మరో మూడు విషయాలు రాయించుకోవాలి. మొదటి 18 నెలల్లోనో రెండేళ్లలోనో ఫలానా మొత్తానికి అమ్మకాలు జరగకపోతే హక్కులు మీకు తిరిగి వచ్చేలా ఒక వాక్యం. సంస్థ దివాలా తీస్తే హక్కులు వెంటనే మీకు చేరేలా మరొకటి. ఇక మూడోది, భారతదేశ హక్కులు, విద్యాసంస్థల హక్కులు, ప్రవాస తెలుగు సంఘాల ప్రదర్శనలు మీ దగ్గరే ఉంచుకునే మినహాయింపు. ఏజెంట్లు ఈ మూడో కోరికకు చాలాసార్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాటిని వారు ఎలాగూ అమ్మలేరు. అడగకపోతే మాత్రం ఇవ్వరు.

ఛానెళ్లతో నేరుగా

అల్ జజీరా ఇంగ్లిష్‌లో విట్నెస్, బీబీసీలో స్టోరీవిల్, అమెరికా పబ్లిక్ టీవీ సంస్థ పీబీఎస్‌లో 1988 నుంచి నడుస్తున్న పీఓవీ, జపాన్‌కు చెందిన ఎన్‌హెచ్‌కే, ఫ్రెంచ్–జర్మన్ ఛానెల్ ఆర్టే వంటివి స్వతంత్ర డాక్యుమెంటరీలకు పేరున్న చిరునామాలు. నేరుగా కుదిరితే కమీషన్ ఉండదు; హక్కులు ఆ దేశానికీ ఆ భాషకూ పరిమితమవుతాయి. మిగతా ప్రపంచం మీ చేతిలోనే ఉంటుంది. అయితే పెద్ద ఛానెళ్లలో చాలావరకు పూర్తయిన సినిమా కొనడం కంటే తీస్తున్న దశలోనే ప్రీ-సేల్ రూపంలో చేరడానికి మొగ్గు చూపుతాయి. వారిని కలిసే చోట్లు పిచింగ్ ఫోరంలు, అంటే దర్శకులు తమ ప్రాజెక్టును కొనేవారి ముందు వివరించే వేదికలు. మనకు దగ్గరలో డాక్‌ఎడ్జ్ కోల్‌కతా, ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) 2007 నుంచి గోవాలో నిర్వహిస్తున్న ఫిల్మ్ బజార్ అందుబాటులో ఉన్నాయి. విదేశీ మార్కెట్‌కు వెళ్లే ముందు ఈ రెండింటిలో ఒకదాని మెట్లెక్కడం డబ్బు రీత్యానూ, అనుభవం రీత్యానూ తెలివైన పని.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. అమెరికా కాంగ్రెస్ 2025 జూలైలో పబ్లిక్ మీడియాకు కేటాయించిన నిధులను వెనక్కి తీసుకుంది; ఆ నిధులను పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆ తర్వాత మూసివేత ప్రకటించింది. పీబీఎస్ కుటుంబం మీద మాత్రమే ఆశ పెట్టుకుని ప్రణాళిక వేసుకునేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

నిడివి విషయంలో ఛానెళ్లు మొండివి. యూరప్ టీవీ గంట అంటే సాధారణంగా 52 నిమిషాలు. మీ సినిమా 71 నిమిషాలైతే 52కు తగ్గించిన కూర్పు కూడా సిద్ధంగా ఉండాలి. డెలివరీ జాబితా చేతికి వచ్చిన రోజు చాలామందికి చెమటలు పడతాయి: పేర్లూ అక్షరాలూ లేని ప్రతి, సంగీతం–శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకు, టైమ్‌కోడ్‌తో పూర్తి సంభాషణల ఆంగ్ల అనువాదం, యూరప్ ప్రమాణం ప్రకారం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర నిలిచే శబ్దస్థాయి, బ్రిటన్‌కైతే మెరిసే దృశ్యాల వల్ల మూర్ఛరోగులకు హాని లేదని చూపే పరీక్ష నివేదిక. వీటిలో చాలావరకు ఎడిటింగ్ పూర్తయిన వారంలో చేయించుకుంటే కొన్ని వేల రూపాయల పని. ప్రాజెక్టు ఫైళ్లున్న హార్డ్ డిస్కు పాడైపోయాక చేయించుకుంటే సినిమాను మళ్లీ ఎడిట్ చేసినంత పని.

ఎడ్యుకేషనల్ డిస్ట్రిబ్యూటర్

మన దగ్గర ఈ దారి గురించి మాట్లాడుకోవడం తక్కువ. ఒక సామాజిక, సాంస్కృతిక లేదా పర్యావరణ విషయం మీద ఒక్క డాక్యుమెంటరీ తీసిన తెలుగు దర్శకుడికి ఈ ఐదింటిలో మొదట సూచించదగినది ఇదే అని నేను అనుకుంటాను. అమెరికా, కెనడా యూనివర్సిటీ గ్రంథాలయాలు తరగతి గదిలో చూపించే హక్కుతో కలిపి సినిమాలు కొంటాయి. సామాన్య ప్రేక్షకుడు ఇరవై ముప్ఫై డాలర్లకు కొనే సినిమాకు సంస్థ మూడు నాలుగు వందల డాలర్లు చెల్లించడం ఈ రంగంలో వాడుకే. గతంలో డీవీడీల మీద నడిచిన ఈ వ్యాపారం ఇప్పుడు కానోపీ, డాక్యుసీక్ వంటి వేదికల ద్వారా గ్రంథాలయ స్ట్రీమింగ్ వైపు చాలావరకు మళ్లింది.

ఈ సంస్థలకు ఒక్కోదానికి ఒక్కో అభిరుచి ఉంటుంది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన విమెన్ మేక్ మూవీస్ స్త్రీల గురించి స్త్రీలు తీసిన సినిమాలకు పేరు. పెన్సిల్వేనియాకు చెందిన బుల్‌ఫ్రాగ్ ఫిల్మ్స్ పర్యావరణం మీద దృష్టి పెడుతుంది. 1978లో మొదలైన ఐకారస్ ఫిల్మ్స్ రాజకీయ, సామాజిక డాక్యుమెంటరీలకు ప్రసిద్ధి. మానవశాస్త్ర చిత్రాల కోసం జాన్ మార్షల్, తిమోతీ యాష్ స్థాపించిన డాక్యుమెంటరీ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ మసాచుసెట్స్‌లో ఉంది. లండన్‌లో రాయల్ ఆంత్రొపాలజికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా అలాంటి చిత్రాలనే పంపిణీ చేస్తుంది. నల్గొండ ఫ్లోరైడ్ సినిమాకు మొదట బుల్‌ఫ్రాగ్‌ను, చెంచుల సినిమాకు మానవశాస్త్ర సంస్థలను సంప్రదించడం సహజం. దేవదాసీ వ్యవస్థ నుంచి బయటపడిన స్త్రీల గురించి ఒక దర్శకురాలు తీసిన సినిమాకైతే విమెన్ మేక్ మూవీస్ సరైన తలుపు.

రాయల్టీ నెమ్మదిగా వస్తుంది, మొత్తాలు కూడా చిన్నవే. కానీ సినిమా ఒక పాఠ్యప్రణాళికలో చేరితే ఏళ్ల తరబడి వాడుకలో ఉంటుంది. ఆ అధ్యాపకుల ద్వారా దర్శకుడికి ప్రదర్శన–ప్రసంగ ఆహ్వానాలు వస్తాయి, వాటి గౌరవ వేతనం కొన్నిసార్లు రాయల్టీని మించుతుంది. పైగా ఈ సంస్థ అడిగేది విద్యాసంస్థల హక్కులే కాబట్టి టీవీ హక్కులు మీ దగ్గరే ఉంటాయి. ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరికే సినిమాకు గ్రంథాలయం వందల డాలర్లు కట్టదు కాబట్టి ఒప్పంద కాలంలో యూట్యూబ్ మీద నిషేధం మాత్రం ఉంటుంది.

అగ్రిగేటర్, సొంత ఆన్‌లైన్ అమ్మకం

ఈ రెండింటి గురించి చెప్పవలసింది తక్కువే. అగ్రిగేటర్ సినిమాను సాంకేతికంగా సిద్ధం చేసి పలు స్ట్రీమింగ్ వేదికలకు చేరవేస్తుంది, ప్రచారం చేయదు. ఫిల్మ్‌హబ్ వంటి సంస్థలు ముందుగా ఏమీ తీసుకోకుండా రాబడిలో 20 శాతం ఉంచుకునే పద్ధతి పాటిస్తాయి. మరికొన్ని ముందే ఫీజు తీసుకుంటాయి. అలాంటి డిస్ట్రిబర్ అనే అమెరికా సంస్థ 2019లో కుప్పకూలినప్పుడు నిర్మాతలకు రావలసిన డబ్బు చిక్కుకుపోవడమే కాక, వారి సినిమాలను వేదికల నుంచి వెనక్కి తెచ్చుకోవడానికీ నానా తంటాలు పడవలసి వచ్చింది. కాబట్టి ముందు ఫీజు అడిగే సంస్థ కంటే వాటా తీసుకునే సంస్థే మేలు. డాక్యుమెంటరీలకు ఈ తలుపు ఒకప్పటికంటే ఇరుకైందన్నది కూడా గుర్తుంచుకోవాలి: ఆమెజాన్ తన ప్రైమ్ వీడియో డైరెక్ట్‌లో అడగకుండా పంపే డాక్యుమెంటరీలను, లఘు చిత్రాలను 2021లోనే ఆపేసింది.

సొంత అమ్మకం చేతిలో ప్రేక్షకులున్నవారికి మాత్రమే పనిచేస్తుంది. కూచిపూడి పాఠాలు, తెలుగు నేర్పే పిల్లల వీడియోలు, వంటల సిరీస్ వంటివి ప్రవాస కుటుంబాలకు నేరుగా చేరతాయి; వాటికి ఏ ఏజెంటూ అక్కరలేదు. అమెరికా తెలుగు సంఘాల సభల్లో ఒక ప్రదర్శన, ఆ పక్కనే వీమియో లింకు ఉన్న కరపత్రం చాలు. డాక్యుమెంటరీకైతే ఇది మొదటి మెట్టు కాకూడదు. యూట్యూబ్‌లో పెట్టిన మరుక్షణం పెద్ద ఉత్సవాల ప్రీమియర్ అర్హతతోబాటు ఛానెల్ ఎక్స్‌క్లూజివిటీ, గ్రంథాలయ ధర కూడా పోతాయి.

ఎవరికి ఏది

ఒక్క డాక్యుమెంటరీ ఉండి, ఉత్సవాల్లో పెద్ద గుర్తింపు రాని దర్శకులు ఎడ్యుకేషనల్ డిస్ట్రిబ్యూటర్‌తో మొదలుపెట్టి, టీవీ హక్కులు విడిగా తమ దగ్గర ఉంచుకోవడం మంచిది. ఇడ్ఫా, హాట్ డాక్స్, షెఫీల్డ్ స్థాయి ఉత్సవానికి ఎంపికైన సినిమా ఉన్నవారికి పరిస్థితి పూర్తిగా వేరు. ఆ ప్రకటన వెలువడిన వారాల్లో ఏజెంట్లే వెతుక్కుంటూ వస్తారు, అదే బేరం బలంగా సాగే సమయం. ఎంజీ అడగడానికీ, మినహాయింపులు రాయించుకోవడానికీ మళ్లీ అలాంటి అవకాశం దొరకదు. ప్రదర్శనలు అయిపోయిన ఆరు నెలలకు అదే ఏజెంటు అదే సినిమాకు కమీషన్ బేసిస్ మాత్రమే ఇస్తాడు.

ప్రకృతి, వన్యప్రాణులు, ప్రయాణాల మీద పది పన్నెండు ఎపిసోడ్లు చేతిలో ఉన్న నిర్మాణ సంస్థకు ఏజెంటే సరైనవాడు, ఎందుకంటే ఛానెళ్లు గంటల లెక్కన కొంటాయి, ఒక్క ఎపిసోడ్‌తో స్లాటు నిండదు. ఇలాంటి సిరీస్‌లలో తెర మీద మాట్లాడే వ్యాఖ్యాత కంటే వెనుక నుంచి వినిపించే వ్యాఖ్యానం మేలు. దాన్ని ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు. పిల్లల కార్యక్రమాలకు ఈ సూత్రం ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నెట్‌ఫ్లిక్స్‌కు చేసిన ‘మైటీ లిటిల్ భీమ్’ 2019లో విడుదలైనప్పుడు, అందులో సంభాషణలు దాదాపు లేకపోవడం వల్ల డబ్బింగ్ అవసరం పెద్దగా లేకుండానే అనేక దేశాల పిల్లలకు చేరింది. యానిమేషన్ ఆలోచన దశలో ఉన్నవారు ఈ ఒక్క నిర్ణయాన్ని స్క్రిప్టు రాయకముందే తీసుకోవడం మంచిది.

స్వచ్ఛంద సంస్థ గ్రాంటుతో సినిమా తీసి, డబ్బు కంటే అది ఎక్కువమందికి చేరడమే ముఖ్యమనుకునేవారు నాన్-ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలకే పరిమితం కావాలి. అయితే గ్రాంటు పత్రంలో సినిమాను ఉచితంగా అందుబాటులో ఉంచాలన్న షరతు ఉందేమో ముందు చూడాలి. ఉంటే ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం మీద సంతకం చేసే అధికారమే మీకు ఉండదు.

పన్ను, అడిగే వరుస

అమెరికా సంస్థ చెల్లించే రాయల్టీ మీద మామూలుగా 30 శాతం పన్ను మినహాయిస్తారు. భారత్–అమెరికా పన్ను ఒప్పందం కింద అది 15 శాతానికి తగ్గాలంటే, వ్యక్తులైతే డబ్ల్యూ-8బెన్, కంపెనీలైతే డబ్ల్యూ-8బెన్-ఈ అనే అమెరికా పన్ను ఫారాన్ని పాన్ నంబరుతో సహా ముందే నింపి ఇవ్వాలి. ఇతర దేశాలకు సాధారణంగా మన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు పొందాలంటే పన్ను కోసుకున్నట్టు చూపే పత్రాన్ని ఆ సంస్థ నుంచి తీసుకోవడం మరవకూడదు. జీఎస్‌టీ నమోదు ఉన్నవారు ఎగుమతికి పన్ను కట్టకుండా పంపేందుకు ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనే హామీపత్రం) దాఖలు చేసుకోవాలి. ఈ కాగితాలు మొదటి ఇన్‌వాయిస్‌కు ముందే సిద్ధమైతే మంచిది.

సంప్రదించే వరుస విషయానికి వస్తే, సినిమా పూర్తయ్యాక మొదట ఉత్సవాలకు పంపి, ఎంపిక వార్త రాగానే ఏజెంట్లకు, రాకపోతే ఆరేడు నెలల తర్వాత ఎడ్యుకేషనల్ డిస్ట్రిబ్యూటర్లకు రాయడం సమంజసం. ఉత్తరంలో రెండు వాక్యాల్లో కథ, నిడివి, సంభాషణల భాష, ఆంగ్ల సబ్‌టైటిల్స్ ఉన్నాయన్న మాట, ఇప్పటిదాకా ఇచ్చిన హక్కులు ఏవి, పాస్‌వర్డ్‌తో చూసే లింకు ఉంటే చాలు. ఒకేసారి నలుగురైదుగురికి రాయడంలో తప్పులేదు, అయితే ఎక్స్‌క్లూజివ్ చర్చలు మొదలయ్యాక మిగతావారికి ఆ మాట చెప్పాలి. ఒప్పందం ముసాయిదా వచ్చాక మీడియా ఒప్పందాలు చూసిన న్యాయవాదికి ఒకసారి చూపించడానికయ్యే ఖర్చును సినిమా బడ్జెట్‌లోనే వేసుకోవాలి. ఆ సంస్థ కేటలాగ్‌లోని ఇద్దరు ముగ్గురు దర్శకులకు రాసి, స్టేట్‌మెంట్లు సమయానికి వస్తున్నాయా అని అడిగితే చాలామంది నిజాయితీగానే జవాబిస్తారు. ఈ దారులన్నీ ప్రయత్నించి, ఎవరూ ముందుకు రాకపోయాక అగ్రిగేటర్, ఆ తర్వాత యూట్యూబ్. అప్పటిదాకా ట్రైలర్ తప్ప మరేదీ బహిరంగంగా పెట్టకపోవడం మంచిది.